గోల్ వెనక కుర్చీ

"అర్జెంటేం లేదు, సాయంత్రానికి అయితే చాలు" అని ఆయన పన్నెండు కాగితాలు తెచ్చి వంటింటి బల్ల మీద, నేను తరుగుతున్న క్యాబేజీ పక్కన పెట్టి వెళ్ళారు. అది 1984 మార్చి నెల, ఆదివారం. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. ముందు గదిలో అత్తయ్యగారు పారాయణ చేసుకుంటున్నారు. మా తొమ్మిదేళ్ళ రేణు ఆవిడకి అడ్డం రాకుండా టీవీ సౌండు తగ్గించుకుని కార్టూన్లు చూస్తోంది. సాయంత్రానికి అయితే చాలంటే వంటా, గిన్నెలూ, ఇస్త్రీ, రేణు తలంటూ అన్నీ అయ్యాక మిగిలే సాయంత్రం అని అర్థం. అలాంటి సాయంత్రం ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుందని ఆయన నమ్మకం.

పెళ్ళికి ముందు నేను తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయరూ, హయ్యరూ రెండూ ఫస్టు క్లాసులో పాసయ్యాను. చదువు పీయూసీ దగ్గర ఆగిపోయినా అదొక్కటి మిగిలింది. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఆ సంగతి గర్వంగా చెబితే మామగారు "కోడలి చేత ఉద్యోగం చేయించే ఉద్దేశం మాకు లేదండీ" అన్నారు పెద్దమనసుతో. నిజమే, చేయించలేదు. మావారు భీమశంకర్‌గారి థీసిస్ మూడుసార్లు కొట్టాను. పత్రికలకి పంపే పేపర్లు ఇరవై దాకా కొట్టాను. ఆయన స్టూడెంట్లకి ఇచ్చే పరీక్ష కాగితాలు ప్రతి టర్మూ కొడుతూనే ఉన్నాను. ఉద్యోగం మాత్రం ఎవరూ చేయించలేదు. థీసిస్ మొదటి పేజీలో గైడుగారికీ, డిపార్ట్‌మెంట్‌కీ, లైబ్రరీ సిబ్బందికీ కృతజ్ఞతలు ఉన్నాయి. వాటిని టైపు చేసింది కూడా నేనే. అప్పుడు నాకేమీ అనిపించలేదు, నిజం చెప్పాలంటే ఒక్క తప్పు లేకుండా వచ్చిందని సంతోషించాను.

ఆయన మిన్నెసోటా ఉత్తరాన ఈ చిన్న ఊరి కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆ ఏడాది ఆయన్ని ఆటల కమిటీలో వేశారు. వాషింగ్టన్‌లో పెద్ద కోర్టు ఫిబ్రవరిలో ఏదో తీర్పు చెప్పిందట. ఇక ఆడపిల్లల ఆటలు తీసేసినా కాలేజీలని గట్టిగా అడిగేవాళ్ళు ఉండరట. ఏ ఆటలు ఉంచాలో, ఏవి తీసెయ్యాలో కమిటీ తేల్చాలి. రిపోర్టు రాసే పని లెక్కల మాస్టారికి అప్పగించారు. అంకెలతో రాస్తే ఎవరికీ పక్షపాతంగా కనిపించదు కదా. క్యాబేజీ పొయ్యి మీద పడేసి, చేతులు తుడుచుకుని టైపు మొదలుపెట్టాను. ఎనిమిది పేజీలు గడగడా సాగిపోయాయి. తొమ్మిదో పేజీ ఆడపిల్లల ఐస్ హాకీ గురించి. "ఈ ఆటలకు ప్రేక్షకులు లేరు. నియమాల ప్రకారం ఉండవలసిన గోల్ జడ్జీలు కూడా లేరు. కనుక వీటిని పోటీలుగా కాక వినోదంగా పరిగణించి, జట్టును రద్దు చేయవచ్చును."

నా వేళ్ళు ఆగిపోయాయి. అయిదేళ్ళుగా ఆ గోల్ జడ్జిని నేను.

ఇది ఎలా మొదలైందో చెప్పాలి. 1979 చలికాలంలో రేణుకి నాలుగేళ్ళు. శనివారం పొద్దున్న కాలేజీ ఐసు రింక్‌లో చిన్నపిల్లలకి ఊరికే స్కేటింగ్ నేర్పుతారని పక్కింటావిడ చెబితే తీసుకెళ్ళాను. నేర్పేది నలభై దాటిన ఒక పొడుగాటావిడ, పొట్టి జుట్టు, ముక్కు మీద కుట్లు వేసిన మచ్చ. పేరు మార్గరెట్ లిండ్. అందరూ కోచ్ అంటారు. నేను కోచ్‌గారు అనేదాన్ని. ఆ "గారు" ఏమిటని ఒకసారి అడిగింది. పెద్దవాళ్ళకి తగిలిస్తాం అన్నాను. "నాకెవరూ ఏదీ తగిలించలేదు, ఉంచెయ్యండి" అంది. పిల్లల క్లాసు అయ్యాక అదే ఐసు మీద కాలేజీ ఆడపిల్లల హాకీ ఉండేది. రేణు వెచ్చటి గదిలో మిగతా పిల్లలతో బొమ్మలు గీసుకునేది, నేను కూర్చుని ఆట చూసేదాన్ని. ఎందుకు చూశానంటే చెప్పలేను. మా ఇంట్లో నేను ఎవరికీ ఏమీ అందించక్కర్లేకుండా గంటసేపు కూర్చునే చోటు లేదు.

నాలుగో వారమో అయిదో వారమో కోచ్‌గారు నా దగ్గరికి వచ్చింది. "మీ కళ్ళు మంచివేనా?" అంది.

"సూదిలో దారం ఎక్కిస్తాను" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలీలేదు.

"అయితే ఇలా రండి."

గోల్ వెనక, అద్దానికి ఇవతల ఒక ఎత్తు కుర్చీ. దాని పక్కన ఒక మీట. పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళ ఎర్ర గీతని పూర్తిగా దాటితే మీట నొక్కాలి. గోల్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది, మీట పైకి తీస్తే ఆరిపోతుంది. దాటకపోతే నొక్కకూడదు. అదే పని. మగపిల్లల ఆటలకి ఆ కుర్చీలో కూర్చోవడానికి ఊళ్ళో పెద్దమనుషులు పోటీ పడతారట. ఆడపిల్లల ఆటకి ఎవరూ రారు. రెండో చివర గోల్ వెనక, ఐసు నున్నగా చేసే బండి నడిపే ముసలాయన రే కూర్చునేవాడు.

మొదటి ఆటలోనే తప్పు చేశాను. మనవాళ్ళు గోల్ కొట్టారు, నేను మీట నొక్కాను, దీపం వెలిగింది. పిల్లలు కేకలు పెట్టుకుంటూ ఒకరిమీద ఒకరు పడిపోయారు. ఆ ఎర్రటి వెలుగు ఐసు మీద పరుచుకుంది. వెలిగించిన దీపాన్ని చేతులారా ఆర్పడం మా ఇంట్లో లేదు. దానంతట అది కొండెక్కాలి. వంటింట్లో బల్బు రోజూ ఆర్పుతావు కదా అనొచ్చు. కానీ ఆ క్షణాన అది నాకు బల్బులా అనిపించలేదు. అదే పోతుందిలే అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రిఫరీ వచ్చి అద్దం మీద కొట్టి "మేడమ్, లైట్!" అన్నాడు. అవును, లైట్ అని నేనూ సంతోషంగా తలూపాను. ఇద్దరు కెప్టెన్లు వచ్చారు. ఆట ఆగిపోయింది. ఆఖరికి కోచ్‌గారు బూట్లతోనే ఐసు మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వచ్చీరాని ఇంగ్లీషులో మా ఇంటి ఆచారం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెయ్యి చాపి తనే మీట పైకి తీసి, "ఇవాళ్టికి నా చెయ్యి" అంది. మళ్ళీ శనివారానికి ఆ మీట తీసేసి స్ప్రింగు ఉన్న బొత్తాం పెట్టించింది. "నొక్కితే వెలుగుతుంది. చెయ్యి తీస్తే దానంతట అదే పోతుంది. మీరు ఆర్పినట్టు కాదు. సరేనా?"

మా పెళ్ళైన పన్నెండేళ్ళలో నా ఆచారం కోసం ఎవరైనా ఒక వస్తువు మార్చడం అదే మొదటిసారి. ఆచారాలకోసం నేను మారడమే నాకు అలవాటు.

ఆట విరామంలో నా ఫ్లాస్కులో టీ, పులిహోర డబ్బా ఇద్దరం పంచుకునేవాళ్ళం. పులిహోరని ఆవిడ పసుపు రైస్ అనేది. ఎండుమిరపకాయలు ఏరి కాగితంలో పొట్లం కట్టి నాకు తిరిగి ఇచ్చేసేది. అలా అయిదేళ్ళలో ముక్కలు ముక్కలుగా ఆవిడ కథ తెలిసింది. ఇనుప గనుల ఊళ్ళో పుట్టింది. నలుగురు అన్నదమ్ములు. గడ్డకట్టిన చెరువు మీద వాళ్ళకి గురి చూసి కొట్టడానికి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడాలి కనక ఆరేళ్ళప్పుడు చెల్లెల్ని గోల్ ముందు నిలబెట్టారు. కాళ్ళకి పాత పత్రికలు కట్టుకుని నిలబడేదట. పదకొండో ఏట జుట్టు కత్తిరించుకుని, మార్టీ అనే పేరుతో మగపిల్లల జట్టులో చేరిపోయింది. రెండు చలికాలాలు ఎవరూ కనిపెట్టలేదు. ఒక పోటీలో ఆవిడ ఆడిన ఆటకి కప్పు ఇవ్వడానికి పిలిచి, టోపీ తియ్యమన్నారు. తీసింది. కప్పు ఇవ్వలేదు. "టోపీ తియ్యకుండా ఉండాల్సింది" అంది నాతో, ఇప్పటికీ దాని గురించి ఆలోచిస్తున్నట్టు. "చలిగా ఉందని చెప్పాల్సింది."

1962లో ఈ కాలేజీలో వ్యాయామం టీచరుగా చేరింది. ఈత, జానపద నృత్యం, నడుము వంచే కసరత్తులు నేర్పింది. పన్నెండేళ్ళు అడిగి అడిగి, 1974లో పదకొండు మంది ఆడపిల్లలతో హాకీ మొదలుపెట్టింది. అందులో ఆరుగురికి డాన్సు చేసే తెల్ల స్కేట్లే ఉన్నాయి. రోజూ సాధనకి కాలేజీ ఇచ్చిన ఐసు తెల్లవారుజామున అయిదున్నరకి. కోచింగుకి విడిగా ఏమీ ఇవ్వరు, అది ఆవిడ ఇష్టంతో చేసుకునే పని కింద లెక్క. బట్టలు మగపిల్లలు విప్పేసినవి. ఇంట్లో మతిమరుపు వచ్చిన తల్లి. ఆవిడకి అన్నం పెట్టి, పక్కింటావిడకి అప్పగించి, జట్టుని వ్యానులో ఎక్కించుకుని తనే నూటయాభై మైళ్ళు నడిపేది. మగపిల్లల కోచ్‌కి కిటికీ ఉన్న గది, ఈవిడకి తువ్వాళ్ళ గదిలో బల్ల. ఆ మగపిల్లల గోల్‌కీపర్లు ఇద్దరు తర్వాత పెద్ద పేరు తెచ్చుకుని జీతాల ఆటకి వెళ్ళారు. వాళ్ళిద్దరూ కాలేజీలో ఉన్న నాలుగేళ్ళూ తెల్లవారుజామున వచ్చి నిలబడి నేర్చుకున్నది ఈవిడ దగ్గర. తొందరగా వెళ్ళిన శనివారాల్లో నేను కళ్ళారా చూశాను. పత్రికల్లో ఎక్కడా రాలేదు. "మీకు కోపం రాదా కోచ్‌గారూ?" అని అడిగాను. "వస్తుంది. అయిదున్నరకి ఐసు మీదకి వెళ్తే సరిపోతుంది" అంది.

ఒకసారి నా వల్ల ఓడిపోయారు. ఆఖరి నిమిషం, రెండు జట్లూ సమానం. పక్ మన గోల్‌కీపర్ కాళ్ళ కిందనుంచి గీత దాటింది, ఆ అమ్మాయి చటుక్కున వెనక్కి లాగేసింది. రిఫరీకి కనబడలేదు. నా వైపు చూశాడు. నేను నొక్కాను. మన పిల్లలు ఏడ్చారు. ఒక అమ్మాయి "ఈవిడ ఎవరి పక్షం?" అని నాకు వినబడేలాగే అంది. కోచ్‌గారు అద్దం దగ్గరికి వచ్చి "ఎంత లోపలికి వెళ్ళింది?" అని అడిగింది. నేను బొటనవేలు చూపించాను. "చాలు" అని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వారమే నాకు రూల్ బుక్ ఇచ్చింది. ఒక్కటే కాపీ ఉందంటే, పిల్లలందరికీ ఉండాలని నేను కార్బన్ పెట్టి మూడేసి చొప్పున ఏడుసార్లు కొట్టాను. ఈ ఊళ్ళో ఆ పుస్తకం నాకు వచ్చినంత బాగా ఎవరికీ రాదని గొప్పకి చెప్పడం లేదు. ఏడుసార్లు కొడితే ఎవరికైనా వస్తుంది.

ఆ రిపోర్టుకి ముందు అక్టోబరులో అత్తయ్యగారు, శేషమ్మగారు, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. "శనివారం పూట స్వామి దగ్గర కూర్చోకుండా, ఆడపిల్లలు కర్రలుచ్చుకుని కొట్టుకుంటుంటే చూడ్డానికి పోతుంది మా కోడలు" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నేను తెల్లారకముందే లేచి పూజ చేసుకునే వెళ్ళేదాన్ని. అది ఆవిడకి తెలుసు. ఒక శనివారం ఇంట్లో ఒక్కర్తీ ఉండలేక తనూ వచ్చారు. రెండు శాలువాలు, కొడుకు మంకీ క్యాపు. అరగంట చూసి, "ఆ గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఎవరే? అందరూ దాని మీదకే విసురుతున్నారు, ఒక్కరూ సాయానికి రారేం?" అన్నారు.

"దాని పనే అది అత్తయ్యగారూ."

"పెద్దకోడలా ఏమిటి ఖర్మ" అన్నారు. ఆవిడ నలుగురు మరదుల ఇంటికి పెద్దకోడలు. తర్వాత మళ్ళీ రాలేదు. కానీ శనివారం నా ఫ్లాస్కులో టీ పోసి ఉంచడం మాత్రం ఆ తర్వాతే మొదలైంది.

ఆ ఆదివారానికి వస్తాను. తొమ్మిదో పేజీ మిషన్‌లోనే వదిలి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ, గోల్ జడ్జీలు లేరని రాశారు."

"ఊఁ."

"నేనున్నాను కదా."

ఆయన పేపరు దించి నవ్వారు. వెక్కిరింతగా కాదు, ఆయన మంచివారు. రేణు ఏదైనా ముద్దుగా అన్నప్పుడు నవ్వినట్టు నవ్వారు. "నువ్వు సరదాకి వెళ్తావు రాధా. అది లెక్కలోకి రాదు."

"సరదాకి అయితే ఒక్క వారమైనా మానేదాన్ని. జ్వరం వచ్చినప్పుడు కూడా వెళ్ళాను."

"అఫీషియల్ అంటే అపాయింట్ చేసినవాళ్ళు. నీకు ఆర్డర్ ఉందా? జీతం ఉందా?"

మీ థీసిస్‌కీ లేవు, అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. "ప్రేక్షకులు లేరని కూడా రాశారు. పధ్నాలుగు మంది వచ్చిన రోజులున్నాయి."

"పధ్నాలుగంటే సున్నాతో సమానం. టిక్కెట్లు అమ్మరు, అమ్మని టిక్కెట్లకి నేనేం నంబరు వెయ్యను?" తర్వాత గొంతు తగ్గించారు. "చూడు, నా ఫుల్ ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు డీన్ బల్ల మీద ఉంది. ఏ జట్టు పోవాలో ఆయన మనసులో ఎప్పుడో అయిపోయింది. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నీ ఫ్రెండ్ సంగతి నాకూ బాధే. ఈ ఒక్క నెల ఓపిక పట్టు."

ఓపిక అనే మాట మా ఇంట్లో ఉప్పులా వాడతారు. నేను వంటింట్లోకి వచ్చి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. అత్తయ్యగారు తువ్వాలు తీసుకుని పక్కన నిలబడ్డారు. "ఏమిటే వాడితో?" అన్నారు. చెప్పాను. విని, తేలిగ్గా తీసిపారేశారు. "మొగుడి పుణ్యంలో పెళ్ళానికి సగం, పాపంలో వాటా లేదు. శాస్త్రమే చెప్పింది. నీకెందుకు బెంగ, కొట్టి పడెయ్."

"ఆయన తెలియక రాశారు అత్తయ్యగారూ. నేను తెలిసి కొట్టాలి. అప్పుడా అబద్ధం ఎవరిది?"

ఆవిడ ఒకే పళ్ళాన్ని చాలాసేపు తుడిచారు. "ఈ మాట నేను మీ మామగారిని అడగాల్సింది" అన్నారు.

"ఏ విషయంలో?"

"అన్నం చల్లారిపోతోంది, పిల్లని పిలు."

భోజనాలయ్యాక మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నాను. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది, కానీ ప్రతి చిన్నదానికీ వచ్చి చెప్పడు. ఒక్క మాట మార్చేస్తే సరిపోతుంది. "లేరు" బదులు "ఉన్నారు". మావారు నేను కొట్టినదాన్ని తిరిగి చదవరు, ఎప్పుడూ చదవలేదు. ఆయన స్పెల్లింగులు ఇన్నేళ్ళుగా నేను చెప్పకుండానే దిద్దుతున్నాను. ఎవరికీ తెలీదు. కానీ ఎవరికీ తెలియకుండా చెయ్యడమే కదా నేను ఇన్నాళ్ళూ చేస్తున్నది. ఆ గోల్ వెనక కుర్చీలో కూర్చున్నప్పుడు నేను నొక్కింది అందరికీ కనిపిస్తుంది. తప్పైతే అందరూ నా వైపు చూస్తారు. ఒప్పైనా చూస్తారు. దొంగచాటుగా ఒక మాట మార్చి కోచ్‌గారిని కాపాడితే, నేను అక్కడ లేననే ఆయన మాట నిజమవుతుంది. తొమ్మిదో పేజీ ఆయన రాసింది రాసినట్టే కొట్టాను. పన్నెండు పేజీలూ సర్ది, పిన్ను గుచ్చి, ఆయన బల్ల మీద పెట్టాను.

"అయిపోయింది. మంగళవారం మీటింగుకి ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చని కాగితంలోనే ఉంది. నేనూ వస్తాను" అన్నాను.

"ఎందుకు?"

"మాట్లాడటానికి."

ఆయన నేను హాస్యమాడానని అనుకున్నట్టున్నారు. మంగళవారం పొద్దున్న నా ఓవర్‌కోటు చూసి గానీ నమ్మలేదు. కారు దిగేటప్పుడు "రేణు భవిష్యత్తు కూడా ఆలోచించు" అన్నారు. ఆలోచించకుండా ఎలా ఉంటాను? రేణు అప్పటికి పిల్లల జట్టులో గోల్ ముందు నిలబడుతోంది.

లైబ్రరీ పైన హాల్లో కమిటీ అయిదుగురు వరసగా కూర్చున్నారు, ఆ చివర మావారు. వచ్చినవాళ్ళు ముప్ఫై మంది ఉంటారు. కోచ్‌గారు ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చింది, ఆవిడ ఒంటి మీద అది అరువు తెచ్చుకున్నట్టు ఉంది. ఆవిడకి ఉపన్యాసం రాదు. "నాకు ఐసు కావాలి. అయిదున్నరకి అయినా సరే, నాలుగున్నరకి అయినా సరే" అని కూర్చుంది. పదేళ్ళ పనికి ఆవిడ అడిగింది అంతే. ఛైర్మన్ కళ్ళజోడు పెట్టుకుని తొమ్మిదో పేజీ పైకి చదివాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తర్వాత "ఇంకెవరైనా?" అన్నాడు, లేరని అనుకుంటూనే.

నేను లేచాను. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. ఇన్ని వేల ఇంగ్లీషు పేజీలు కొట్టాను కానీ, ఇంతమంది ముందు నా సొంత ఇంగ్లీషు ఒక్క వాక్యం ఎప్పుడూ మాట్లాడలేదు.

"నేను గోల్ జడ్జిని" అన్నాను.

ఛైర్మన్ నవ్వుమొహం పెట్టాడు. "మీరు డాక్టర్ శంకర్‌గారి మిసెస్ కదా?"

"అవునండీ. ఆడపిల్లల హాకీకి గోల్ జడ్జిని కూడా. అయిదేళ్ళ నుంచి. జడ్జిని ఎవరు పెట్టాలో రూల్ బుక్‌లో ఉంది. ఎవరి ఊళ్ళో ఆట జరిగితే ఆ జట్టువాళ్ళు పెట్టాలి. కోచ్‌గారు నన్ను పెట్టారు. జీతం ఉండాలని ఏ పేజీలోనూ లేదు."

వెనకనుంచి ఎవరో నవ్వారు. నా మీద కాదని అర్థమైంది. ఛైర్మన్ సర్దుకుని, "మరి ప్రేక్షకుల మాట?" అన్నాడు. వందమంది వస్తారని చెప్పాలనిపించింది. కోచ్‌గారు నా మొహంలోకి చూస్తోంది. కానీ ఆవిడ ముందు ఎక్కువ చెప్పడం నావల్ల కాలేదు. "పధ్నాలుగు మంది. మంచు తక్కువగా ఉన్న రోజుల్లో. మా ఇంట్లో రోజూ తెల్లవారుజామున పూజ చేస్తానండీ. చూడ్డానికి ఎవరూ రారు. అందుకని అది పూజ కాదు, వినోదం అని ఇంతవరకూ మా ఇంట్లో ఎవరూ అనలేదు."

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. జట్టు పూర్తిగా పోలేదు, పూర్తిగా నిలవనూ లేదు. క్లబ్బుగా ఉంచారు, ఐసు అయిదున్నరకే ఉంచారు. కోచ్‌గారు మోకాళ్ళు మొరాయించేదాకా, 1988 దాకా నడిపింది. వెళ్ళిపోయే రోజున తువ్వాళ్ళ గదిలో కేకు కోశారు. నేను పసుపు రైస్ తీసుకెళ్ళాను, మిరపకాయలు వెయ్యకుండా. మావారికి ఫుల్ ప్రొఫెసర్ మూడేళ్ళు ఆలస్యమైంది. ఆ మూడేళ్ళూ ఆయన తన పేపర్లు డిపార్ట్‌మెంట్ సెక్రటరీ చేత టైపు చేయించుకున్నారు. నన్ను శిక్షిస్తున్నానని అనుకున్నారు పాపం. అత్తయ్యగారు ఇండియా వెళ్ళేముందు ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, "జలుబు చెయ్యకుండా చూసుకో, ఆ ఆట దగ్గరంతా మంచు" అన్నారు.

కానీ వీటన్నిటికంటే నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ హాల్లో, నా మాట అయిపోయాక జరిగింది. ఛైర్మన్ నా వైపూ, కాగితం వైపూ మార్చి మార్చి చూశాడు. మెల్లిగా పక్కకి తిరిగాడు. "శంకర్, ఈ రిపోర్టు నువ్వు రాసింది. జడ్జీలు లేరన్నావు. ఆవిడ ఉన్నానంటున్నారు. ఏది నిజం?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. చెప్పాపెట్టకుండా ఆరుగురిని భోజనానికి తీసుకొచ్చినప్పుడు గుమ్మంలోంచి నా వైపు చూసే చూపు. ఎలాగోలా సర్దెయ్యి అని. ఇన్నేళ్ళూ సర్దాను. బియ్యం ఇంకాస్త పోశాను, చారు పల్చన చేశాను, నేను తిన్నానని చెప్పాను. ఇప్పుడు ఆయన అవునంటే ఫైలు పోతుంది, కాదంటే అందరి ముందూ పెళ్ళాం అబద్ధాలకోరు అవుతుంది. రెంటిలో ఏదో ఒకటి ఆయన నోటితో అనాలి. ఏది అంటారో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా నాకు అనిపించలేదు. ఇక్కడికి నేను తెలుసుకోవడానికి రాలేదు.

"ఆయన్ని అడక్కండి" అన్నాను. "ఆయన ఒక్క ఆటకీ రాలేదు. నన్నడగండి."